ముఖం ఎంత, శోకం ఎంత: 19వ శతాబ్దంలో సంగీతకారుల పాలరాతి స్మారకాలు

పారిస్‌లోని పేర్ లషేజ్ శ్మశానవాటికలో పోలండ్‌కు చెందిన పియానో స్వరకర్త షోపాన్ సమాధి దగ్గరికి వెళ్తే మొదట కంటబడేది షోపాన్ కాదు, తల వంచుకుని కూర్చున్న ఒక స్త్రీ. చేతిలో విరిగిన లైర్, అంటే పురాతన గ్రీకుల తీగల వాద్యం, ఒంటి మీద జారుతున్న వస్త్రపు మడతలు. గ్రీకు పురాణాల్లో సంగీతానికి అధిదేవత అయిన యూటర్పీ ఆమె. షోపాన్ కనిపించాలంటే చూపు కిందికి దించాలి. పీఠం ముందు భాగంలో ఒక గుండ్రటి ఫలకం, దాని మీద పక్కవాటుగా చెక్కిన ముఖం. కొట్టొచ్చినట్టు కనిపించే ముక్కు, ఒత్తైన జుట్టు. ‘ఫ్రెడ్. షోపాన్‌కు, అతని మిత్రులు’ అనే అర్థంలో ఫ్రెంచిలో ఒక చిన్న వాక్యం కూడా ఆ పీఠం మీదే ఉంటుంది.

స్మారకం ఎవరిదో ఆయన చిన్నగా, ఆయనకు ఏమీ కాని ఒక దేవత పెద్దగా. ఇది 1850 నాటి పని. సరిగ్గా 22 ఏళ్ల తర్వాత వియన్నా నగరంలో స్వరకర్త షూబర్ట్‌కు పాలరాతి విగ్రహం పెట్టినప్పుడు లెక్క తిరగబడింది. షూబర్ట్ పీఠం మీదికి ఎక్కాడు. సంగీతానికి ప్రతీకలైన బొమ్మలు కింద పీఠానికి అంటుకున్న ఉబ్బెత్తు చెక్కడాలుగా మిగిలిపోయాయి. 19వ శతాబ్దపు యూరప్‌లో సంగీతకారులకు వెలసిన పాలరాతి స్మారకాలను వరుసగా చూస్తూ పోతే అసలు బేరం ఈ రెండింటి మధ్యే నడిచిందని తెలుస్తుంది: ముఖానికి ఎంత రాయి, శోకానికి ఎంత రాయి? ఆ వాటాను తేల్చింది శిల్పి అభిరుచి ఒక్కటే కాదు. డబ్బు ఎవరిది, చోటు ఏది, రాయి దేనికి ఒప్పుకుంటుంది అన్నవే ఎక్కువగా తేల్చాయి.

అంతకుముందు శతాబ్దంలో ఈ ప్రశ్నే పెద్దగా లేదు. సంగీతకారుడు కొలువులో ఉద్యోగి. హేడెన్ 1761లో ఎస్తర్‌హాజీ ప్రభువుల కొలువులో చేరినప్పుడు మిగతా సిబ్బందితో పాటు ఆయనకూ ఉడుపులు ఇచ్చారు. మొజార్ట్‌ను 1791లో వియన్నా శివారులోని సెయింట్ మార్క్స్ శ్మశానంలో గుర్తు రాయి కూడా లేకుండా పూడ్చారు. మినహాయింపు లేకపోలేదు. లండన్‌లోని వాక్స్‌హాల్ ఉద్యానవనం యజమాని జొనాథన్ టైయర్స్ 1738లోనే, హాండెల్ బతికి ఉండగానే, ఆయన పాలరాతి విగ్రహాన్ని రూబిలియాక్ అనే శిల్పితో చెక్కించి తోటలో నిలబెట్టాడు. తలకు మెత్తటి టోపీ, కాళ్లకు ఇంట్లో వేసుకునే చెప్పులు, బొత్తాలు విప్పిన చొక్కా, ఒక చెప్పు జారి పాదం సగం బయటికి వచ్చింది. చేతిలో మాత్రం లైర్. మనిషిని మనిషిగా, దేవుణ్ణి దేవుడిగా ఒకే బొమ్మలో కలిపిన చమత్కారం అది. పైగా ఆ తోటలో నిత్యం మోగేది హాండెల్ సంగీతమే కనుక విగ్రహం వ్యాపారానికీ పనికొచ్చింది. ఇప్పుడది లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. తర్వాతి వందేళ్లలో వచ్చిన చాలా స్మారకాలకంటే దానిలోనే ప్రాణం ఎక్కువ ఉందంటే అతిశయోక్తి కాదు.

మళ్లీ షోపాన్ దగ్గరికి వద్దాం, ఎందుకంటే ఈ సమాధి పుట్టిన తీరులో ఆ కాలం పద్ధతంతా కనిపిస్తుంది. 1849 అక్టోబర్ 17న షోపాన్ చనిపోయాడు. ఆ వెంటనే శిల్పి ఒగ్యుస్త్ క్లెసాంజే వచ్చి ముఖానికీ ఎడమ చేతికీ ప్లాస్టర్ అచ్చులు తీశాడు. మొదట తీసిన ముఖపు అచ్చులో చావు బాధ మరీ స్పష్టంగా కనిపించడంతో ఇంటివాళ్లు ఒప్పుకోలేదనీ, తర్వాత నునుపు చేసిన రూపమే బయటికి వచ్చిందనీ చెబుతారు. ఈ క్లెసాంజే ఎవరో కాదు, జార్జ్ సాండ్ అల్లుడు. షోపాన్‌తో దాదాపు తొమ్మిదేళ్లు కలిసి బతికిన రచయిత్రి ఆమె. ఆమె కూతురు సోలాంజ్‌ను క్లెసాంజే 1847 మేలో పెళ్లాడాడు. ఆ పెళ్లి షోపాన్‌కు నచ్చలేదు. కొన్ని వారాలకే నొహాంలోని సాండ్ ఇంట్లో డబ్బు గొడవ ముదిరి అల్లుడు సుత్తి ఎత్తేదాకా వచ్చింది. సాండ్ కూతుర్నీ అల్లుణ్ణీ ఇంటి నుంచి వెళ్లగొట్టింది. షోపాన్ సోలాంజ్ వైపు నిలబడ్డాడు, సాండ్‌తో బంధం అక్కడితో తెగిపోయింది. తన జీవితంలో అంత పెద్ద చీలికకు కారణమైనవాడి ఉలికే చివరికి షోపాన్ ముఖం చిక్కింది.

స్మారకం కోసం మిత్రులు ఒక సంఘం పెట్టుకున్నారు. చిత్రకారుడు దెలాక్రువా దానికి అధ్యక్షుడు, పియానోల తయారీదారు ప్లేయెల్ అందులో ఒకడు. షోపాన్ శిష్యురాలు, స్కాట్లండ్‌కు చెందిన జేన్ స్టర్లింగ్ అంత్యక్రియల నుంచి సమాధి దాకా డబ్బు విషయంలో అండగా నిలిచింది. సరిగ్గా ఏడాదికి, 1850 అక్టోబర్ 17న, ఆవిష్కరణ జరిగింది. పోలండ్ మట్టి తెప్పించి సమాధి మీద చల్లారు.

ఒక్క ఏడాదిలో పాలరాతి బొమ్మ పూర్తికావడం తొందర పనే. యూటర్పీ భంగిమలో ఆ తొందర కనిపిస్తుందని చెప్పవచ్చు: ఆ కాలపు శ్మశానాల్లో ఇలా తల వంచుకుని కూర్చున్న స్త్రీమూర్తులు కొల్లలు. చేతిలో లైర్ తీసేసి కలం పెడితే కవి సమాధి అవుతుంది, రంగుల పలక పెడితే చిత్రకారుడిది అవుతుంది. కింద ఫలకంలోని ముఖం మాత్రం అచ్చంగా షోపాన్‌దే, ఎందుకంటే దాని వెనక చేతికి చిక్కిన నిజమైన అచ్చు ఉంది. డబ్బు ఇచ్చింది మిత్రులు, చోటు సమాధి. వాళ్లకు కావలసింది ఆయన గొప్పతనం చాటడం కాదు, తమ దుఃఖానికి ఒక ఆకారం. అందుకే రాయిలో పెద్ద వాటా దుఃఖానికి పోయింది.

ఇదే షోపాన్‌కు మరో పాలరాతి స్మారకం ఉంది. ఆయన కోరిక ప్రకారం అక్క లుద్వికా గుండెను వార్సాకు తీసుకువెళ్లింది. అది హోలీ క్రాస్ చర్చిలోని ఒక స్తంభంలో ఉంది. ఆ స్తంభానికి 1880లో లియొనార్డ్ మార్కోని చెక్కిన పాలరాతి శిరోవిగ్రహాన్ని అమర్చారు. అక్కడ ఏడ్చే దేవత లేదు. నీ నిధి ఎక్కడో నీ హృదయమూ అక్కడే అనే బైబిల్ వాక్యం, పైన మనిషి ముఖం. వార్సా అప్పుడు రష్యన్ చక్రవర్తి పాలనలో ఉంది. షోపాన్‌కు ఆ నగరంలో బహిరంగంగా పెద్ద విగ్రహం లేచింది 1926లో, పోలండ్ స్వతంత్ర దేశమయ్యాకనే. చర్చి గోడల మధ్య అయితే ఒక ముఖాన్ని పెట్టుకోగలిగారు. పారిస్ మిత్రులకు షోపాన్ ఒక పోయిన మనిషి, వార్సాకు ఆయన ఒక దేశపు ఆనవాలు. ఆనవాలుకు ముఖం కావాలి. రాయి అదే, సంగీతకారుడూ ఆయనే. డబ్బూ చోటూ మారేసరికి వాటా మారింది.

శోకానికే పూర్తి వాటా ఇచ్చినా శిల్పం గొప్పగా రావచ్చు. ఇటలీలో బెర్గమో నగరంలోని శాంతా మరియా మజ్జోరె చర్చిలో ఒపేరాల (పాటల నాటకాల) స్వరకర్త డోనిజెట్టికి 1855లో విన్చెంజో వేలా చెక్కిన స్మారకమే సాక్ష్యం. డబ్బు పెట్టింది సోదరులు జుజెప్పె, ఫ్రాంచెస్కో. వీరిలో జుజెప్పె అప్పటికి ఎన్నో ఏళ్లుగా ఇస్తాంబుల్‌లో ఒట్టోమన్ సుల్తానుల కొలువులో సంగీతాధికారి, డోనిజెట్టి పాషాగా పేరుపొందినవాడు. స్మారకం పైన శ్రుతి మేళనానికి ప్రతీకగా ఒక స్త్రీమూర్తి విచారంగా కూర్చుంటుంది, అది మామూలే. చూడవలసింది కింద. ఏడుగురు చిన్నపిల్లలు, సప్తస్వరాలన్న మాట, ఏడుస్తూ, కోపంతో తమ లైర్‌లను విరగ్గొడుతుంటారు. దేవత విచారం పద్ధతిగా ఉంటే, పిల్లల ఏడుపు బొమ్మ పగిలిన పిల్లాడి ఏడుపులా ఒళ్లు తెలియనిది. వేలా స్విట్జర్లండ్‌లోని ఇటాలియన్ ప్రాంతానికి చెందినవాడు. 1848 తిరుగుబాట్లలో ఆస్ట్రియన్లకు వ్యతిరేకంగా ఆయుధం పట్టినవాడు, దేవతల కంటే మనుషుల్ని బాగా చెక్కినవాడు. అది ఇక్కడ తెలిసిపోతుంది.

ఏడు స్వరాల లెక్క ఇటలీ శిల్పులకు బాగా నచ్చినట్టుంది. సిసిలీలోని కతానియాలో మరో ఒపేరా స్వరకర్త బెల్లీనికి 1882లో జూలియో మోంతెవెర్దె చేసిన స్మారకానికి ఏడు మెట్లు పెట్టారు. అవీ స్వరాలే. అయితే అప్పటికి కాలం మారింది, చోటూ నగర కూడలి. బెల్లీనియే పైన కుర్చీలో కూర్చున్నాడు, కింద నాలుగు వైపులా ఆయన నాలుగు ఒపేరాల పాత్రలు. పేరూ ఊరూ లేని దేవతలు పోయి, నార్మా లాంటి పేరున్న పాత్రలు వచ్చాయి.

ఈ రాళ్ల మీద అంతటా లైర్ ఎందుకు? షోపాన్ దాన్ని ఎన్నడూ ముట్టలేదు, డోనిజెట్టీ ముట్టలేదు. 19వ శతాబ్దంలో ఎవరూ వాయించని వాద్యం అది. పురాతన గ్రీసు మీద మోజు ఒక కారణం, అపోలో చేతిలోని వాద్యం అదే కనుక. కానీ చెక్కేవాడి కష్టం వైపు నుంచి చూస్తే ఇంకో కారణం బోధపడుతుంది. పాలరాయి బరువు మోస్తుంది కానీ వంపును తట్టుకోదు. సన్నగా, పొడుగ్గా బయటికి చాచిన ఏ భాగమైనా విరుగుతుంది. నిలబడిన బొమ్మ కాలి పక్కన చెట్టు మొద్దో, పుస్తకాల దొంతరో పెట్టేది అందం కోసం కాదు, చీలమండలు విరగకుండా. అలాంటి రాయిలో వయొలిన్ కమాను ఎలా చెక్కాలి? సంగీత నిర్వాహకుడి చేతిలోని సన్నటి కర్ర ఎలా నిలుస్తుంది? పియానో చెక్కితే పెట్టెలా ఉంటుంది. లైర్ అయితే రెండు కొమ్ముల మధ్య నిండుగా, ఒంటికి ఆనించుకుని ఉంటుంది, తీగలు చెక్కకపోయినా గుర్తుపడతారు. చుట్టిన స్వరపత్రం, ఒళ్లో పుస్తకం, వాద్యం మీద వాల్చిన చెయ్యి, వీటన్నిటిలో రాయి సౌకర్యం ఉంది.

ఆ కాలంలో ఇలాంటి బొమ్మ తయారయ్యే తీరు తెలిస్తే మరో భ్రమా పోతుంది. శిల్పి ఉలి పట్టుకుని బండ మీద పడడు. మొదట బంకమన్నుతో నమూనా చేస్తాడు, దాన్నుంచి ప్లాస్టర్ ప్రతి పోస్తారు. ఆ ప్రతి మీద వందల చుక్కలు గుర్తిస్తారు. మూడు స్థిర బిందువుల మీద ఆనే చట్రానికి ముందుకూ వెనక్కూ జరిగే సూది ఉంటుంది. సూది మొన ప్లాస్టర్ మీద ఏ లోతుకు తాకిందో, చట్రాన్ని రాతి మీదికి మార్చి అదే లోతు దాకా చిన్న రంధ్రం వేస్తారు. అలా చుక్క తర్వాత చుక్క. ఈ పనంతా కార్ఖానాలోని పనివాళ్లదే. వాళ్లు మొరటు రాయిని తొలిచి, పళ్ల ఉలితో గీరి, ఆకురాయితో నునుపు చేసి ఇస్తే, గురువు చివరి పొర తీసి సంతకం చేస్తాడు. ఒక ప్లాస్టర్ ప్రతి నుంచి ఎన్ని పాలరాతి బొమ్మలైనా తీయవచ్చు. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలోని ముసుగు రెబెకాను చూసినవారికి ఈ నైపుణ్యం సంగతి వేరే చెప్పనక్కరలేదు. దాన్ని చెక్కించిన బెంజోని డోనిజెట్టి పుట్టిన బెర్గమో ప్రాంతంవాడే. రోమ్‌లోని ఆయన కార్ఖానా నుంచి అదే రెబెకాకు ఎన్నో ప్రతులు వెలువడ్డాయి, 1876లో మొదటి సాలార్‌జంగ్ కొన్నది వాటిలో ఒకటి. సంగీతకారుల శిరోవిగ్రహాలూ ఇలాగే ఒపేరా మందిరానికొకటి, సంగీత పాఠశాలకొకటి చొప్పున వ్యాపించాయి.

పనివాళ్లకు వదలని భాగం కళ్లు. పురాతన విగ్రహాల్ని చూసి కనుపాప లేకుండా నున్నగా వదిలేసేవాళ్లు ఒక వర్గం. పాపను లోతుగా తొలిచి, నడుమ చిన్న రాతి మొన మిగిల్చి, దాని మీద పడే వెలుగుతో చూపు తెప్పించేవాళ్లు ఇంకో వర్గం. రెండో విద్యలో 18వ శతాబ్దపు ఫ్రెంచి శిల్పి ఊదోన్‌ను మించినవాడు లేడు. ఆయన చెక్కిన స్వరకర్త గ్లుక్ శిరోవిగ్రహంలో మశూచి మచ్చలు కూడా దాచలేదు. దాని పాలరాతి ప్రతి పారిస్ ఒపేరాలో ఉండేది. 1873 అక్టోబర్ చివర్లో ఆ భవనం తగలబడినప్పుడు అదీ పోయింది. స్వరకర్త రోస్సిని జీవించి ఉండగానే 1846లో అక్కడ పెట్టిన ఆయన విగ్రహానికీ, ఎతెక్స్ చెక్కినదానికి, అదే గతి. పాలరాయి మంటకు ఆగదు, బాగా కాలితే సున్నమైపోతుంది. గ్లుక్ ముఖం ఇప్పటికీ తెలుసంటే అది ప్లాస్టర్ ప్రతుల పుణ్యమే.

ముఖం మీద ఇంత పట్టుదలకు ఆ కాలపు శాస్త్రం ఒకటి ఆజ్యం పోసింది. పుర్రె ఆకారాన్ని బట్టి మేధస్సు తెలుస్తుందన్న వాదాన్ని చదువుకున్నవాళ్లు కూడా నమ్మారు. ఫ్రెంచి శిల్పి డేవిడ్ దాంజే కవి గొయ్‌థేకూ వయొలిన్ విద్వాంసుడు పగనీనికీ కావాలనే నుదురు పెంచి చేశాడు. 1863లో వియన్నాలో బేతోవెన్, షూబర్ట్ సమాధులు తవ్వి పుర్రెలను కొలిచారు, ఫొటోలు తీశారు, అచ్చులు పోశారు. లైప్‌జిగ్‌లో 1894లో బాఖ్‌వని భావించిన ఎముకలు దొరికితే, శరీర శాస్త్రవేత్త విల్‌హెల్మ్ హిస్ పుర్రె అచ్చు మీద కండ మందం కొలతలు వేసి ఇవ్వగా, శిల్పి కార్ల్ జెఫ్నర్ దాని మీదే ముఖం తయారుచేశాడు. నమ్మకం తప్పుది, కానీ దానివల్ల శిల్పులు ఒక మనిషి ముఖాన్ని మరో మనిషి ముఖంతో కలిపేయకుండా జాగ్రత్తపడ్డారు.

బేతోవెన్ సంగతి వేరు. ఆయన ముఖానికి రెండు అచ్చులున్నాయి. 1812లో ఫ్రాంజ్ క్లైన్ బతికుండగా తీసినది ఒకటి, 1827లో మరణించాక డాన్‌హౌజర్ తీసినది మరొకటి. రెండోది శవపరీక్ష తర్వాత తీసింది. పరీక్ష కోసం కణత ఎముకలు కోసి తీసేయడంతో ముఖం రూపు మారిపోయింది. కాబట్టి తర్వాతి శిల్పులందరూ ఆశ్రయించింది 1812 నాటి అచ్చునే. ప్రపంచం ఎరిగిన ఆ బిగించిన పెదాల బేతోవెన్, తడి ప్లాస్టర్ కింద ముక్కులో గొట్టాలతో ఊపిరి బిగబట్టుకున్న మనిషి కూడా. ఆ బిగువును అందరూ మేధావి మొండితనంగా చదివారు.

డబ్బు ఎవరిదన్న ప్రశ్న ఎంత దూరం పోతుందో బేతోవెన్ పుట్టిన బాన్ నగరంలో తేలింది. అక్కడ 1835లోనే స్మారక సంఘం పుట్టి దేశదేశాల చందాలు అడిగింది. షూమన్ తన సి మేజర్ ఫాంటసీని మొదట ఈ నిధికి సాయంగానే తలపెట్టాడు. చందాలు మాత్రం అంతంతమాత్రం. 1839లో ఫ్రాన్స్ నుంచి పోగైంది 424 ఫ్రాంకులేనని విని పియానో విద్వాంసుడు లిస్ట్ మండిపడ్డాడు. తక్కువపడిన సొమ్ము తానే కచేరీలు చేసి ఇస్తానన్నాడు, ఒక షరతు పెట్టి: పని తన స్నేహితుడు, ఫ్లారెన్స్ శిల్పి బార్తొలీనికి ఇవ్వాలి, విగ్రహం పాలరాతిది కావాలి. సంఘం సొమ్ముకు సరేనంది, షరతుకు కాదంది. పోటీ పెట్టి డ్రెస్డెన్‌కు చెందిన హేనెల్‌ను ఎన్నుకుని కంచు విగ్రహం పోయించింది. రైన్ ఒడ్డు వానల్లో ఆరుబయట నిలబడే బొమ్మకు కంచే సరైనది, సంఘం తప్పు చేయలేదు. జర్మన్ నగరంలో జర్మన్ సంగీతకారుడికి ఇటలీవాడి పాలరాయి ఏమిటన్న పట్టింపూ అందులో ఉండే ఉంటుంది. 1845 ఆగస్టు 12న తెర తీస్తే, మేడ మీద నుంచి చూస్తున్న ప్రష్యా రాజుకూ విక్టోరియా రాణికీ బేతోవెన్ వీపు కనిపించింది.

వియన్నా నగరం మాత్రం ఆరుబయట కూడా పాలరాతినే నమ్ముకుంది. షూబర్ట్ విగ్రహానికి పూనుకున్నది వియన్నా పురుష గాయకుల సంఘం. ఆయన బృందగీతాల్ని వారం వారం పాడుకునే గుమస్తాలు, వ్యాపారులు, ఉపాధ్యాయులు అందులో ఉండేవాళ్లు. నగర ఉద్యానవనంలో 1872 మే 15న ఆవిష్కరించారు. కార్ల్ కుండ్మన్ చెక్కిన షూబర్ట్ కూర్చుని ఉంటాడు, ఒళ్లో పుస్తకం, చేతిలో పెన్సిల్, పాట కోసం ఎదురుచూస్తున్నట్టు కాస్త పైకెత్తిన చూపు. మామూలు కోటు, మామూలు బూట్లు. భావన, వాద్య సంగీతం, గాత్ర సంగీతం అనే మూడు ప్రతీకలు కింద పీఠం మీద సర్దుకున్నాయి. ఈ సంఘంలో షూబర్ట్‌ను ఎరిగినవాళ్లు దాదాపు లేరు, ఆయన పోయి 44 ఏళ్లు. వాళ్లకు దుఃఖం లేదు, గర్వం ఉంది. ‘మాలాంటి మనిషే, మా ఊరివాడే’ అన్న గర్వం. కోటు మడతలకూ బూట్లకూ అంత శ్రద్ధ అందుకే.

మొజార్ట్ దగ్గరికి వచ్చేసరికి చిక్కు ఇంకోలా ఉంది. సమాధి ఆనవాలు లేదు, మరణించినప్పుడు తీసిన ముఖపు అచ్చు దక్కలేదు. నమ్మదగ్గ ప్రతిరూపాలు కొన్నే. వాటిలో 1788-89 ప్రాంతంలో పోష్ చేసిన పక్కవాటు ఫలకం ఒకటి. అంటే చూపించడానికి ఖాయమైన ముఖం లేదు, ఏడవడానికి ఖాయమైన చోటు లేదు. శిల్పి విక్టర్ టిల్గ్నర్ 1896లో వియన్నాలో దీన్ని అలంకారంతో దాటేశాడు. సంగీత పత్రాల బల్ల పక్కన చెయ్యి చాచి నిలబడ్డ యువకుడు, చుట్టూ మూగిన పాలరాతి పిల్లలు, పూలదండలు. పీఠం మీద ఒకవైపు డాన్ జొవాన్ని ఒపేరా దృశ్యాలు, వెనకవైపు తండ్రితో, అక్కతో కలిసి వాయిస్తున్న ఆరేళ్ల బాలుడు. ఆ వెనక చెక్కడమే నిజానికి ముందు ఉండవలసింది. ఏప్రిల్ 21న ఆవిష్కరణ, 16న టిల్గ్నర్ చనిపోయాడు. రెండో ప్రపంచ యుద్ధంలో విగ్రహం దెబ్బతింది, బాగుచేసి 1953లో ఇప్పుడున్న బుర్గ్‌గార్టెన్ ఉద్యానవనంలో పెట్టారు. బొగ్గు పొగలోని గంధకం వాన నీటితో కలిసి పాలరాయిని జిప్సంగా మార్చి నల్లటి పెచ్చు కట్టిస్తుంది. పెచ్చు రాలితే ముక్కూ పెదవీ కూడా కొంత రాలుతాయి. ఇంత సన్నని పనితనం ఆరుబయట పెట్టడం వియన్నా సాహసమే.

ఇక ఈ స్మారకాల్లో స్త్రీలకు కరువు లేదు, సంగీతం చేసిన స్త్రీలే కరువు. లైర్ పట్టుకున్నవాళ్లంతా ప్రతీకలు. పేరున్న స్త్రీకి రాయి దక్కాలంటే ఆమె గాయని అయి ఉండాలి. గుర్రం మీద నుంచి పడి, దెబ్బ లెక్కచేయక పాడుతూనే 1836లో మాంచెస్టర్‌లో 28 ఏళ్లకే మరణించిన మరియా మాలిబ్రాన్‌కు బ్రస్సెల్స్ పక్కన లాకెన్ శ్మశానంలో భర్త బెరియో ఒక మందిరం కట్టించాడు. అందులోని విగ్రహం గీఫ్స్ చెక్కింది. ఇక్కడ సమాధి సూత్రం తలకిందులైంది. దుఃఖం మోసే దేవత అక్కరలేకపోయింది, ఎందుకంటే పోయిన మనిషే స్త్రీ, వేదిక మీద విషాదం పండించినది. ప్రతీకా మనిషీ ఒక్కరే అయ్యారు. లండన్ వెస్ట్‌మినిస్టర్ ఆబీలో 1894లో జెన్నీ లిండ్‌కు దక్కింది గోడకు అమర్చిన పక్కవాటు ఫలకం. అది హాండెల్ స్మారకం కిందే ఉంది. పైన హాండెల్ చేతిలోని స్వరపత్రం మీద ఏ పాట మాట ఉందో కింద ఆమె ఫలకంలోనూ అదే. రాసినవాడికి నిలువెత్తు రాయి, పాడినామెకు ఫలకం.

ముఖానికే మొత్తం రాయి ఇచ్చిన చోటు ఒకటుంది. బవేరియా రాజు మొదటి లుడ్విగ్ 1842లో తెరిచిన వల్‌హల్లా మందిరంలో గొప్ప జర్మన్ల పాలరాతి శిరోవిగ్రహాలు వరుసగా ఉంటాయి. అక్కడ ఏడుపు లేదు, లైర్ లేదు. అయితే ఎవరు గొప్పో తేల్చడంలో ఆలస్యాలు చూస్తే నవ్వొస్తుంది. బేతోవెన్ 1866లో వచ్చాడు, వాగ్నర్ 1913లో, బాఖ్ అతని తర్వాత 1916లో. బ్రామ్స్ వంతు 2000 దాకా రాలేదు.

శోకాన్ని పూర్తిగా తీసేసి మనిషినే దేవుణ్ణి చేస్తే ఏమవుతుందో జర్మన్ శిల్పి మాక్స్ క్లింగర్ చూపించాడు. 1885 ప్రాంతంలో మొదలైన ఆలోచన 1902లో పూర్తయింది. తెల్ల పాలరాతిలో నడుం దాకా నగ్నంగా, ముందుకు వంగి కూర్చున్న బేతోవెన్, మోకాళ్ల మీద రంగురాతి వస్త్రం, ఎదుట నల్లరాతి గద్ద, కింద కంచు సింహాసనం. ముఖం క్లైన్ 1812లో తీసిన అచ్చు నుంచి వచ్చింది. సెసెషన్ అనే వియన్నా సంఘపు కళాకారులు తమ 14వ ప్రదర్శనను దీని చుట్టూనే అల్లారు, చిత్రకారుడు క్లిమ్ట్ గోడ చిత్రం దానికోసం వేసిందే. ప్రారంభానికి స్వరకర్త మాలర్ బేతోవెన్ తొమ్మిదో సింఫనీలోని ఒక భాగాన్ని ఊదు వాద్యాలకు మార్చి వినిపించాడు. ఇప్పుడది లైప్‌జిగ్ మ్యూజియంలో ఉంది. పనితనానికి తిరుగులేదు. కానీ ఆ విగ్రహంలో సంగీతాన్ని గుర్తుచేసేది ముఖం తప్ప మరేదీ లేదు. ఆ ముఖం ఎరగనివాడికి ఆయన గ్రీకు దేవతల రాజు జ్యూస్.

ఆ ముఖం కూడా ఎంత దూరం జారిపోగలదో కొద్ది ఏళ్లలోనే తెలిసింది. ఇదే మాలర్ 1909లో పారిస్ వెళ్లి శిల్పి రోదాఁ ముందు కూర్చున్నాడు. మిత్రులు కుదిర్చిన ఆ పనిలో మొదట మట్టి నమూనాలు, కంచు విగ్రహాలు వచ్చాయి. ఆ తర్వాత అదే తలను రోదాఁ పాలరాతిలోకి మార్చి, కింద రాయిని చెక్కకుండా మొరటుగా వదిలేసి, దానికి మొజార్ట్ అని పేరు పెట్టాడు. పారిస్‌లోని రోదాఁ మ్యూజియంలో మాలర్ పాలరాతి ముఖం ఇప్పటికీ ఆ పేరుతోనే ఉంది.